ఇథీరియం స్పాట్ వాల్యుయేషన్

(ఆదివారం పొద్దున. వసంత లాప్‌టాప్ ముందు ఉంది. మూర్తి జూనియర్ కాలేజీ లెక్చరర్. తెలియని విషయం మీదే ఆయన ఎక్కువసేపు వాదిస్తాడు.)

మూర్తి: ఇవాళా ఆ ఇథీరియమేనా? అదెందుకంత నిదానం?

వసంత: అది వేల కంప్యూటర్లు కలిసి నడిపే డిజిటల్ డబ్బు లెక్కల పుస్తకం. ఎవరు ఎవరికి ఎంత పంపినా, ఆ లెక్క ప్రతి కంప్యూటరూ చేసి చూసుకోవాలి.

మూర్తి: అంటే స్పాట్‌లో ప్రతి పేపరూ లెక్చరర్లందరం దిద్దడం! రిజల్ట్స్ వచ్చేసరికి పిల్లలకి పెళ్ళిళ్ళవుతాయి.

వసంత: అబ్బ, మీకు అర్థమైంది!

మూర్తి: ఇన్నాళ్ళకి నువ్వు సరిగ్గా చెప్పావు.

వసంత: అందుకే 64 బండిల్స్ చేసి పంచుదామనుకున్నారు. ఒక్కో బండిల్ ఒక షార్డ్, దానికో కమిటీ.

మూర్తి: ఇంకేం, ఆ ఒక్క కమిటీని కొనేస్తే సరి!

వసంత: ఎవరికి ఏ బండిల్ పడుతుందో తెలిస్తేగా కొనేది? పాత మైనింగ్‌లో, అంటే కంప్యూటర్ బలంతో పోటీపడే పద్ధతిలో, ఎవరెవరున్నారో జాబితాయే ఉండదు. ఇప్పటి ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతిలో 32 ఈథర్లు, అంటే ఇథీరియం డబ్బు, డిపాజిట్ కట్టి పేరు రాయించుకోవాలి. ఆ పేర్లతో చీట్లు తీసి, 6.4 నిమిషాలకోసారి మళ్ళీ కలిపేస్తారు. కమిటీకి కనీసం 128 మంది. మొత్తంలో మూడో వంతు దొంగలే ఉన్నా, ఒక కమిటీలో మూడింట రెండొంతులు వాళ్ళే పడే అవకాశం లక్ష కోట్లలో ఒకటి కూడా లేదు.

మూర్తి: తప్పు చేసి దొరికితే?

వసంత: ఒకే స్లాట్‌కి, అంటే ఒకే వంతుకి, రెండు బ్లాకులు, అంటే రెండు లెక్కల పేజీలు, పెడితే డిపాజిట్ కోసి గెంటేస్తారు.

మూర్తి: బాగుంది. ఆ 64 షార్డులు ఎప్పుడు మొదలయ్యాయి?

వసంత: (గొంతు తగ్గించి) మొదలవలేదు.

మూర్తి: ఆఁ! మరి గంటసేపు నాకెందుకు చెప్పావ్?

వసంత: ప్లాన్ మారింది. లెక్కలు రోలప్‌లనే వేరే నెట్‌వర్కులు బయట చేసుకుంటాయి, వాటి డేటాకి ఇథీరియం చోటిస్తుంది. 2024 మార్చి 13న ఆ డేటా పెట్టే బ్లాబులొచ్చాయి. ఒక్కోటి 128 కేబీ, దాదాపు 18 రోజులుంచి తీసేస్తారు.

మూర్తి: ఆన్సర్ షీట్లు తూకానికేస్తారా? రీవెరిఫికేషన్ అడిగితే?

వసంత: కావాల్సినవాళ్ళు ఆలోపే తీసి దాచుకోవాలి.

మూర్తి: ఇంతకీ పంచడం ఏదీ?

వసంత: 2025 డిసెంబర్ 3న ఫుసాకా అనే అప్‌గ్రేడ్‌తో వచ్చింది. డేటాకి కొంత అదనం చేర్చి 128 ముక్కలు చేస్తారు. ఒక్కో కంప్యూటర్ కొన్నే పెట్టుకుంటుంది. ఏ 64 దొరికినా మొత్తం రాబట్టొచ్చు.

మూర్తి: సగం పేపరు చూసి మార్కులా! మేం టోటలింగ్ తప్పితే మాత్రం ఫైను.

వసంత: దిద్దడం కాదండీ, పేపరు అసలుందా లేదా అని చూడటం!

మూర్తి: సర్లే. రెమ్యునరేషన్ ఎప్పుడిస్తారు?

వసంత: అదీ 6.4 నిమిషాలకే లెక్కేస్తారు.

మూర్తి: (లేచి నిలబడి) నాకు పోయినేడాది స్పాట్ డబ్బులే పడలేదు! 32 ఈథర్లంటే ఎంత?

వసంత: ఒక్కోటే లక్ష దాటుతుంది.

మూర్తి: మీ నాన్నగారిని ఓసారి అడిగితే...

వసంత: స్కూటర్‌కని మీకిచ్చిన అప్పు సంగతి ఆయనే అడగమన్నారు.