చీకటి చేసి చూడాల్సిన దీపం

కరెంటు ఆదా మీద ఎన్ని సభలు పెట్టినా, ఇంట్లో కూర్చుని ఎల్‌ఈడీ సర్క్యూట్లు కట్టేవాళ్ల సేవను ఎవరూ గుర్తించకపోవడం అన్యాయం. ఇంటాయన బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా సర్క్యూటు కట్టుకునే చిల్లుల పలక) మీద 555 అనే టైమరు ఐసీ (చిప్పు) గుచ్చి, 9 వోల్టుల బ్యాటరీ తగిలించి, "అందరూ రండి, వెలుగుతోంది!" అని కేకేస్తాడు. వెంటనే హాల్లో ట్యూబులైటు ఆరుతుంది. టీవీ ఆగుతుంది. ఇల్లాలు పోపు వదిలేసి, వంటింటి లైటు కూడా ఆర్పేసి రావాలి. ఇల్లంతా చీకటైతే గానీ ఆ దీపం కనబడదు మరి. ఇంత పొదుపు ఏ పథకం వల్ల సాధ్యమైంది?

నిధుల పంపిణీలోనూ ఈ సర్క్యూటు మన పాలనా సంప్రదాయాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. ఐసీ మూడో కాలు నుంచి కరెంటుకి కళ్లెం వేసే 470 ఓముల రెసిస్టరు మీదుగా ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 12 మిల్లీ ఆంపియర్లు వెళ్తాయి. ఎల్‌ఈడీ వాటా దాదాపు 2 వోల్టులే. మిగతాది ఐసీ కొంత, రెసిస్టరు చాలావరకు వేడి చేసుకుని మింగేస్తాయి. బ్యాటరీ మంజూరు చేసిన రూపాయిలో పావలా కూడా లబ్ధిదారుడికి చేరదన్నమాట. అయినా ప్రారంభోత్సవం ఘనంగానే జరుగుతుంది. మధ్యలో ఈ దళారీ రెసిస్టరు ఎందుకని పీకేస్తే లబ్ధిదారుడే మాడిపోతాడు. దళారుల్ని తొలగించాలని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఒకసారి ఈ ప్రయోగం చేసి మాట్లాడాలి.

హాన్స్ కామెన్‌జింద్ అనే స్విస్ ఇంజనీరు 1971లో ఈ 555కి రూపకల్పన చేశారు. దానికి 1 కిలో ఓము, 68 కిలో ఓముల రెసిస్టర్లు, ఛార్జి దాచుకుని వదిలే 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు జోడిస్తే సెకనుకి ఇంచుమించు ఒకసారి దీపం కన్ను కొడుతుంది. గోడ గడియారం ఎప్పట్నుంచో సెకనుకోసారి టిక్కుమంటూనే ఉంది కదా అని అడిగేవాళ్లకి సైన్సంటే గిట్టదని అర్థం.

తర్వాతి మెట్టు 4017 అనే లెక్కపెట్టే ఐసీ. దీన్ని 555కి కలిపితే పది ఎల్‌ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి పరిగెడతాయి. వినాయక చవితికి విగ్రహం వెనక పెట్టాలని పథకం. అది చూడ్డానికొచ్చిన బావమరిది, "బావా, సీరియల్ సెట్టు కొనుక్కుంటే పోయేది కదా?" అంటాడు. ఇలాంటి మాటల్ని నేరంగా ప్రకటించాలి. ఈ ఐసీ కోసం హైదరాబాదు కోటీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే గుజరాతీ గల్లీ దాకా పోయి రావడానికైన ఆటో డబ్బులతో రెండు సీరియల్ సెట్లు వచ్చేవన్న లెక్క మాత్రం బావమరిదికి తెలియనివ్వకూడదు.

సరిగ్గా హారతి వేళకి బ్యాటరీ దిగిపోతుంది. వోల్టులు కొలిచే మల్టీమీటరులో ఉన్న 9 వోల్టుల బ్యాటరీ తీసి ఇందులో పెడతారు. అది కూడా మసకేస్తుంది. రెంటిలో దేంట్లో ఎంత మిగిలిందో కొలవాలంటే మల్టీమీటరు కావాలి, దాంట్లో బ్యాటరీ లేదు. ఈ ప్రతిష్టంభనపై ప్రభుత్వం తక్షణమే ఉన్నతస్థాయి కమిటీ వేయాలని డిమాండ్ చేస్తున్నాం. కమిటీ సభ్యులు ఎవరి బ్యాటరీ వాళ్లే తెచ్చుకోవాలి.