అలేఖన వ్రత మాహాత్మ్యం

తిరుపతి పట్టణంలో కొంతకాలంగా ఒక కొత్త వ్రతం చడీచప్పుడు లేకుండా వ్యాపిస్తోంది. దీనికి పురోహితుడు అక్కరలేదు, ముహూర్తం అక్కరలేదు, తెల్లవారుజామున లేచి కపిలతీర్థంలో మునగవలసిన పని అసలే లేదు. ఇంట్లో ఒక కంప్యూటరు, అందులో ఒక సాలిడ్ స్టేట్ డ్రైవు, దాన్ని కొన్నవాడి మనసులో కాస్త బెదురు ఉంటే చాలు. ఎస్ఎస్‌డీ అని పొట్టిగా పిలుచుకునే ఈ పరికరం నుదుట బ్రహ్మ ఇన్ని రాతలని ముందే రాసి పంపాడనీ, మనం రాసే ప్రతి అక్షరమూ ఆ లెక్కలోంచే తరుగుతుందనీ తెలుసుకున్న గృహస్థులు, ఇకపై దాని మీద వీలైనంత వరకు ఏమీ రాయకుండా బతకాలని సంకల్పం చెప్పుకుంటున్నారు. ఈ దీక్షను నేను అలేఖన వ్రతం అంటున్నాను. ఇంత మహిమ గల వ్రతానికి ఇంతవరకు కథ లేకపోవడం భక్తులకు తీరని లోటు కాబట్టి, ఆ బాధ్యతను ఈ వ్యాసం సవినయంగా స్వీకరిస్తోంది.

ముందుగా ఈ భయానికి ఆధారం ఉందని ఒప్పుకోవాలి. జపాన్‌కు చెందిన తోషిబా కంపెనీలో ఇంజనీరు ఫుజియో మసువోకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ మెమరీయే ఈ డ్రైవులకు మూలం. అందులో నేటి డ్రైవులన్నింటా కనిపించే నాండ్ రకాన్ని 1987లో లోకానికి వెల్లడించారు. అందులో డేటాను దాచే చిట్టి గది వంటి ప్రతి సెల్లుకూ మామూలుగా విద్యుత్తును పోనివ్వని పలుచని ఆక్సైడు పొర ఒకటుంటుంది. రాసేటప్పుడు ఎక్కువ వోల్టేజీ పెట్టి ఎలక్ట్రాన్లను ఆ పొర దాటించి లోపల బంధిస్తారు. చెరిపేటప్పుడు అదే దారిన బయటికి లాగుతారు. ఇలా పోగా రాగా పొర దెబ్బతింటుంది, కొన్ని ఎలక్ట్రాన్లు అందులోనే చిక్కుకుపోతాయి, కొన్నాళ్లకు తనలో దాచినది సున్నానో ఒకటో నికరంగా చెప్పలేని దశకు ఆ సెల్లు చేరుకుంటుంది.

ఈ అరుగుదలలో యుగధర్మం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సెల్లుకు ఒక్క బిట్టే దాచిన ఎస్ఎల్‌సీ కృతయుగంలో ఒక్కొక్క సెల్లు దాదాపు లక్షసార్లు రాసి చెరిపినా ఓర్చుకునేది. రెండు బిట్లు కూరిన ఎంఎల్‌సీ త్రేతాయుగంలో ఆ ఓర్పు 3,000 నుంచి 10,000కు దిగింది. మూడు బిట్ల టీఎల్‌సీ ద్వాపరంలో అది ఇంచుమించు 1,000 నుంచి 3,000. ఇక ప్రస్తుతం నడుస్తున్న నాలుగు బిట్ల క్యూఎల్‌సీ కలియుగంలో వెయ్యి దాటితే పూర్వజన్మ సుకృతం. యుగానికో పాదం చొప్పున ధర్మం కుంటుబడినట్టు, ఇక్కడ తరానికో బిట్టు పెరిగి ఆయుష్షు క్షీణిస్తోంది. ధర కూడా క్షీణిస్తూ వచ్చింది కాబట్టి ధర్మపన్నాలు వల్లించేవారు కూడా క్యూఎల్‌సీయే కొంటున్నారు, అది వేరే సంగతి.

ఈ వ్రతాన్ని మా కొర్లగుంటలో మొట్టమొదట పట్టినవారు రెవెన్యూ శాఖలో పనిచేసి విరమణ పొందిన ఒక పెద్దాయన. సర్వీసు కాలమంతా ఏ ఫైలు మీదా ఏమీ రాయకుండా నెట్టుకొచ్చిన ఘనత ఆయనది కాబట్టి, ఏమీ రాయకుండా కంప్యూటరు నడపడం ఆయనకు కొత్త విద్య కాదు. పొద్దున్నే స్నానం చేసి, నుదుట నామం దిద్దుకుని, డ్రైవు ఆరోగ్యాన్ని శాతాల్లో చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేరును తెరిచి దర్శనం చేసుకున్నాకే ఆయన కాఫీ ముట్టుకుంటారు. వీధిలో ఎదురైనవారిని పలకరించే పద్ధతి కూడా మారిపోయింది. "ఏం సామీ, మీది ఎంత శాతం ఉండాది?" అని ఆయన అడిగితే, తొంభై తొమ్మిది అని చెప్పగలిగినవాడు ఆ పూటంతా తలెత్తుకుని తిరుగుతాడు, తొంభై ఐదు అని చెప్పవలసి వచ్చినవాడు పిల్లల ఆటలనో, ఆఫీసు పనినో నిందించి తప్పుకుంటాడు.

ఆయనకు ధైర్యం చెప్పాలని నేను లెక్క వేసి చూపించాను. శామ్‌సంగ్ 870 ఈవో వంటి ఒక టెరాబైటు డ్రైవుకు తయారీదారు ఇచ్చే హామీ 5 ఏళ్లు లేదా 600 టెరాబైట్ల రాతలు, ఏది ముందు పూర్తయితే అది. రోజుకు 20 జీబీ చొప్పున రాసినా, 600 టెరాబైట్లు పూర్తి కావడానికి 30,000 రోజులు, అంటే 82 ఏళ్లు పడుతుంది. అది కూడా హామీకి గడువే తప్ప డ్రైవుకు మరణముహూర్తం కాదు. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ప్రస్తుతం ఆయన వయసు 68. "అంటే నాకు నూటయాభై వచ్చినప్పుడు ఇది పోతాది. ఆ వయసులో నేను యాడికి పోయి కొత్తది కొనుక్కునేది?" అన్నారు. ఈ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. నెలకొక కరెంటు బిల్లు, మనవరాలి పుట్టినరోజు ఫొటోలు, పింఛను పత్రం తప్ప ఆయన కంప్యూటరులో చేరేది మరేమీ లేదని విన్నవించినా, పొదుపు చేయవలసింది లేనప్పుడే పొదుపు చేయాలని హితవు చెప్పి పంపించారు.

వ్రతనియమాలు కఠినమైనవి. కంప్యూటరును నిద్రాణస్థితిలో పెడితే ర్యామ్‌లో ఉన్నదంతా డ్రైవులోకి రాస్తుంది కాబట్టి హైబర్నేషన్ నిషిద్ధం. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటరు రాసుకునే పేజ్ ఫైలును పాత హార్డ్ డిస్కుకు తరలించాలి. ఆ హార్డ్ డిస్కు చేసే గరగర శబ్దాన్ని మంత్రోచ్చారణగా భావించాలి. టైపు చేసే పత్రం తనంతట తాను సేవ్ కాకూడదు. మధ్యలో కరెంటు పోతే పత్రం పోతుంది, కానీ డ్రైవు దక్కుతుంది. అన్నింటికన్నా దుష్కరమైన నియమం దర్శనం టికెట్లకు సంబంధించినది. నెలనెలా 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజున తిరుపతి వాసి తన బంధువులందరి తరఫున బ్రౌజరులో పది ట్యాబులు తెరిచి కూర్చోవడం ఆనవాయితీ. ఫైర్‌ఫాక్స్ మామూలు అమరికలో ఉంటే, తెరిచి ఉన్న పేజీల వివరాలను ప్రతి 15 సెకన్లకూ డ్రైవులో భద్రపరుస్తుందని పెద్దాయనకు తెలిసింది. అప్పటి నుంచి ఆయన టికెట్లు బుక్ చేయడం మానేశారు. హైదరాబాదు నుంచి వియ్యంకులు ఫోన్ చేస్తే, ఏడుకొండలవాడు అందరినీ నడిపించుకునే తీసుకుపోతాడనీ, అలిపిరి మెట్లకు ఏ డ్రైవూ అక్కరలేదనీ చెబుతున్నారు. వియ్యంకుల వారికి మోకాళ్ల నొప్పులు.

న్యాయంగా మాట్లాడాలంటే, ఆయన అనుమానంలో ఒక పాలు నిజం లేకపోలేదు. మనం రాయకపోయినా మన పేరు మీద ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. 2016లో స్పాటిఫై వారి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరు, ఒక్క పాటైనా మోగకపోయినా, రోజుకు పదుల జీబీల చెత్తను డ్రైవుల మీద రాస్తోందని వాడుకరులు పట్టుకున్నారు. గోల పెరిగాక ఆ సంవత్సరం నవంబరులో దాన్ని సవరించారు. 2021లో ఎం1 చిప్పు గల ఆపిల్ మ్యాక్‌లు కొన్నవారిలో కొందరు, కొన్న కొద్ది నెలలకే లెక్కకు మించిన రాతలు కనబడుతున్నాయని గగ్గోలు పెట్టారు. నిజంగా కోపం తెచ్చుకోవలసింది ఇక్కడే. కరెంటు బిల్లు దాచుకోవడానికి వెనుకాడే గృహస్థు మీద కాదు, అడగని రాతలు రాసి చేతులు దులుపుకునే సాఫ్ట్‌వేరు మీద. అయితే వ్రతంలో కోపం పనికిరాదు కాబట్టి పెద్దాయన ఆ సాఫ్ట్‌వేర్లను తీసేయలేదు. తీసేయడం కూడా ఒక రాతే కదా అని ఆయన వాదం.

ఈ వాదాన్ని ఆయన చివరికంటా పాటించడం వల్ల ఒక చిక్కు వచ్చింది. ఈ డ్రైవుల్లో రాయడం చిన్న పేజీల లెక్కన జరిగితే, చెరపడం పెద్ద బ్లాకుల లెక్కన జరుగుతుంది. ఒక బ్లాకును ఖాళీ చేయాలంటే అందులో మిగిలిన పనికొచ్చే పేజీలను ముందు మరోచోటికి ఎత్తి రాయాలి. లోపల కూర్చున్న కంట్రోలరు ఏ సెల్లు మీదా భారం ఎక్కువ పడకుండా రాతలను అన్నింటికీ సమంగా పంచుతుంది. విండోస్ 7 కాలం నుంచి ట్రిమ్ అనే ఆదేశం ద్వారా పనికిరాని డేటా ఏదో దానికి తెలుస్తుంది. ఈ సర్దుబాట్లకు ఖాళీ జాగా కావాలి. ఏదీ చెరపరాదన్న నియమంతో పెద్దాయన డ్రైవును కొడుకు పాత సినిమాలతో సహా అంచు వరకు నిండుగా ఉంచుకున్నారు. డ్రైవు ఎంత కిక్కిరిసితే లోపలి ఎత్తిరాతలు అంత పెరుగుతాయి. అంటే, రాతలు ఆపాలని పట్టిన వ్రతమే రాతలు పెంచుతోంది. ఇది చెప్పిన రోజు ఆయన నాకు కాఫీ ఇవ్వలేదు.

వ్రతభంగానికి ఉదాహరణగా చిత్తూరులోని నా మిత్రుడొకడిని చెప్పుకోవాలి. అతడు పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే వీడియో తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలతో నాలుగు గంటలు తీస్తే 360 జీబీ. 600 టెరాబైట్లను 5 ఏళ్లకు పంచితే రోజుకు వచ్చేది సుమారు 329 జీబీ. అంటే హామీని గడువులోగా అరగదీయాలంటే అతడు అయిదేళ్ల పాటు రోజూ ఒక పెళ్లి తీయాలి. మన పంచాంగం అందుకు ఒప్పుకోదు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, భాద్రపదం శూన్యమాసం, పుష్యమూ అంతే, గురు శుక్ర మౌఢ్యాలు వచ్చాయంటే నెలల తరబడి మేళతాళాలు మూగబోతాయి. ఫ్లాష్ మెమరీ ఆయుష్షును పెంచడంలో మౌఢ్యం పాత్ర గురించి ఏ కంపెనీ ఇంజనీరూ ఇంతవరకు పరిశోధించకపోవడం విచారకరం. ఆ మిత్రుడు మాత్రం తన డ్రైవు శాతం ఎప్పుడూ చూసుకోడు. ప్రతి పెళ్లినీ రెండు వేర్వేరు డిస్కుల్లో దాచి నిద్రపోతాడు.

ది టెక్ రిపోర్ట్ అనే సంస్థ 2013లో చేపట్టిన ప్రయోగం గురించి పెద్దాయన ముందు ప్రస్తావించకపోవడం మంచిది. వారు ఆరు డ్రైవులను వరుసగా పెట్టి, అవి చచ్చేవరకు రాత్రింబవళ్లు రాశారు. 240 నుంచి 256 జీబీల ఆ చిన్న ప్రాణులు వందల టెరాబైట్లను భరించాయి; అన్నింటికన్నా మొండిది 2015లో 2.4 పెటాబైట్లు దాటాక గానీ కన్నుమూయలేదు. ఆ ఆరింటిలో ఇంటెల్ వారి డ్రైవు ఒకటి ఇంకా ఆరోగ్యంగా ఉండగానే, తనకు నిర్దేశించిన లెక్క పూర్తయిందని తెలుసుకుని, కంపెనీ నియమం ప్రకారం తనంతట తాను ప్రాణం విడిచింది. ఈ ఒక్క ముక్క మాత్రం పెద్దాయనకు నచ్చింది. విరమణ వయసు రాగానే కుర్చీ దిగిపోయిన ఉద్యోగి ధర్మబుద్ధి అందులో ఉందన్నారు.

రాయడం మానేసినంత మాత్రాన దీక్ష పూర్తి కాలేదు. ఒకే బ్లాకును పదేపదే చదివినా పక్క సెల్లుల్లోని విద్యుదావేశం చెదురుతుందనీ, అది సరిచేయడానికి కంట్రోలరు ఆ డేటాను మరోచోట తిరిగి రాస్తుందనీ తెలిసి, ఆయన చదవడం కూడా తగ్గించారు. మనవరాలి ఫొటోలు ఇప్పుడు పండుగలకు మాత్రమే చూస్తారు. అలాగని కట్టేసి పెడదామంటే, జెడెక్ అనే ప్రమాణాల సంస్థ మరో బాంబు పేల్చింది. రాతల లెక్క పూర్తిగా అయిపోయిన సాధారణ డ్రైవు, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక సంవత్సరం డేటాను నిలుపుకుంటే చాలునట. వేడి పెరిగితే ఆ గడువు తరుగుతుంది. మే నెల తిరుపతిలో 30 డిగ్రీలంటే తెల్లవారుజామే. రాతల లెక్క అయిపోయాక అన్న షరతును ఆయన చదవలేదు, లేదా చదవడం వల్ల కలిగే అరుగుదలకు జంకి వదిలేశారు. సరే, ఎప్పుడూ నడుస్తూ ఉండనిద్దామంటే, హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ 2019 నవంబరులో చేసిన ప్రకటన అడ్డు తగిలింది. ఆ సంస్థ సర్వర్లలోని కొన్ని డ్రైవులు, వాటిని లోపలి నుంచి నడిపే ఫర్మ్‌వేరు అనే ప్రోగ్రాములోని లోపం వల్ల, సరిగ్గా 32,768 గంటలు నడవగానే, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకు, డేటాతో సహా పోతాయని దాని సారాంశం. రాతలతో దానికి నిమిత్తం లేదు. గంటలు లెక్కపెట్టే పద్దులో అంకెలకు చోటు చాలలేదు, అంతే. టొరంటో విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం కూడా, ఎంత రాశామన్నదానితో నిమిత్తం లేకుండా వయసు వల్లనే డ్రైవుల్లో లోపాలు పెరుగుతాయని చూపింది.

ఇన్ని విధాలుగా పోయే అవకాశమున్న డ్రైవుకు మరో ప్రతి ఎక్కడైనా ఉందా అని అడగడం సభామర్యాద కాదని తెలిసీ అడిగాను. లేదు. ప్రతి తీయాలంటే ఇటు చదవాలి, అటు రాయాలి; ఒకే దెబ్బకు రెండు డ్రైవులకు హింస. పింఛను పత్రమూ, ఇంటి దస్తావేజుల స్కానింగులూ, చనిపోయిన భార్య గొంతు వినిపించే ఒకే ఒక వీడియో అన్నీ ఆ ఒక్క డ్రైవులోనే ఉన్నాయి, 98 శాతం ఆరోగ్యంతో.

ప్రతి వ్రతానికీ ఉద్యాపన ఉంటుంది. మొన్న దసరాకు మనవడు వచ్చినప్పుడు, కొత్త ల్యాప్‌టాప్ కొన్న ఆ కుర్రవాడికి ఈ డ్రైవును దానమివ్వాలని పెద్దాయన నిశ్చయించారు. పెద్దాయనది తీగలతో తగిలించే సాటా అనే పాత రకం డ్రైవు, ఆ ల్యాప్‌టాప్‌లో అది పట్టే చోటే లేదు; అందులో పట్టేది చూయింగ్ గమ్ పట్టీ అంత ఉండే ఎం.2 రకం మాత్రమే. దానం చెల్లలేదు. పెద్దాయన నొచ్చుకోలేదు సరికదా, ఇకపై దీని మీద ఎవరూ ఎప్పటికీ రాయలేరని సంతోషించారు. కరెంటు లేకపోతే డేటా జారిపోతుందన్న జెడెక్ భయం ఒక్కటే మిగిలింది. దానికి మనవడే ఉపాయం చెప్పాడు: సాటా డ్రైవుకు కరెంటు తీగ వేరు, డేటా తీగ వేరు. ఇప్పుడు ఆ డ్రైవు పాత కంప్యూటరు సప్లైకి కరెంటు తీగ ఒక్కదానితో తగిలించి, ఇన్వర్టరు మీద రాత్రింబవళ్లు నడుస్తోంది. డేటా తీగ లేదు కాబట్టి దాని ఆరోగ్యం ఎంతో చూసే వీలు లేదు. ఎవరు అడిగినా ఆయన 98 అనే చెబుతున్నారు.