జాతీయ క్రీడ అంటాం, జాగా మాత్రం ఇవ్వం

ఈసారి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వేసవి ఆటల పోటీల్లో మన హైస్కూల్ ఆడపిల్లలు హాకీకి రెండు గంటలు అడిగారు. క్రికెట్‌కు మూడు మైదానాలు, వాలీబాల్‌కు, త్రోబాల్‌కు కోర్టులు దొరికాయి, పేకాటకూ బల్లలు దొరికాయి. హాకీకి మాత్రం "ఎవరొస్తారమ్మా చూడ్డానికి?" అన్న జవాబే దొరికింది. అదే సాయంత్రం క్విజ్‌లో మన జాతీయ క్రీడ ఏదంటే హాలంతా "హాకీ!" అని ఒకటే చప్పట్లు. నిజానికి అలా ఏ ఆటనూ ప్రకటించలేదని కేంద్రమే 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు బదులిచ్చింది. అది వేరే సంగతి.

"ఇక్కడ అది ఆడపిల్లల ఆట కదా" అన్నది కార్యవర్గం మొదటి మాట. నిజమే, దానికో చరిత్ర ఉంది. 1901లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన కాన్‌స్టన్స్ యాపిల్‌బీ హార్వర్డ్ వేసవి తరగతుల్లో ఈ ఆట చూపించి, తర్వాత వాసర్, బ్రిన్ మార్ లాంటి మహిళా కళాశాలల్లో నాటింది. అమెరికాలో మగవాళ్ల హాకీకి అలాంటి పునాది పడలేదు. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు అమెరికాను 24-1తో చిత్తు చేశారు. అయినా అమెరికాకు కాంస్యం వచ్చింది, ఎందుకంటే ఆడినవే మూడు జట్లు.

అసలు ఈ ఆటకు ఇప్పటి రూపం వచ్చింది క్రికెటర్ల చేతుల్లోనే. 1870ల్లో లండన్ దగ్గర టెడింగ్టన్ క్రికెట్ క్లబ్ వాళ్లు చలికాలం కాలక్షేపానికి హాకీ పట్టారు. నున్నటి మైదానం, క్రికెట్ బంతి, గోల్ ముందు గీసిన సర్కిల్ లోపలికి వచ్చాకే షాట్ కొట్టాలన్న నియమం అక్కడివే. 1886లో లండన్‌లో హాకీ అసోసియేషన్ ఏర్పడింది. బ్రిటిష్ సైన్యంతో మన దేశపు కంటోన్మెంట్లకు చేరిన ఆటలో 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నాటికి మనవాళ్లు గురువుల్ని మించారు. 29 గోల్స్ కొట్టి, ఒక్కటీ ఇవ్వలేదు. మనకూ హైదరాబాద్ నుంచి మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్, చిత్తూరు జిల్లా నుంచి భారత జట్టు గోల్‌కీపర్‌గా ఎదిగిన రజని ఉన్నారు. క్విజ్‌లో వాళ్ల పేర్లు అడిగితే ఎన్ని చేతులు లేచేవో!

రెండో అభ్యంతరం దెబ్బలు. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములు, దాదాపు క్రికెట్ బంతి బరువే. క్రికెట్ బంతిని పిల్లల మీదికి విసరనిచ్చే మనకు ఇది ప్రమాదమెలా అయింది? కొత్తవాళ్లకు దెబ్బలు తగిలేది ఎక్కువగా కర్ర ఎత్తి ఊపినప్పుడు. కాబట్టి పోటీల రోజుకు హిట్ వద్దు, పుష్ మాత్రమే. కర్రను బంతికి ఆనించి, కుడికాలి మీది బరువును ఎడమకాలి మీదికి తెస్తూ నెట్టాలి. మోకాలి కింద షిన్ గార్డులు, పళ్లకు మౌత్ గార్డులు తప్పనిసరి.

మన క్రికెట్ నాన్నలకు రెండు జాగ్రత్తలు. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద ఉండాలి. డ్రిబ్లింగ్‌లో, అంటే బంతిని కర్రతో తడుతూ తీసుకెళ్లేటప్పుడు, కర్రను తిప్పేది పై చెయ్యే, కింది చెయ్యి వదులుగా ఉంటే చాలు. బ్యాట్‌లా కింది చేత్తో లాగితే బంతి గాల్లోకి లేస్తుంది. ఇక ప్యాడ్ అడ్డం పెట్టే అలవాటు ఇక్కడ చెల్లదు. బంతి కాలికి తగిలితే ఫౌల్, కర్ర వెనకవైపుతో ఆడినా ఫౌలే.

మైదానం సంగతికొస్తే, కొలత ప్రకారం 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు కావాలి. జట్టుకు ఆరుగురైతే సగం చాలు. స్కూల్ ఫుట్‌బాల్ టర్ఫ్‌లో, అంటే కృత్రిమ గడ్డిలో, పోగులు పొడుగ్గా ఉంటాయి, మధ్యలో రబ్బరు పలుకులు. బంతి నెమ్మదిస్తుంది, ఎగురుతుంది. పొట్టి పోగులతో, తడిపి ఆడే హాకీ టర్ఫ్ వేరు. నేల మారితే ఆటే మారుతుందని 1976 మాంట్రియల్‌లో మనకు బాగానే తెలిసొచ్చింది. ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ టర్ఫ్ పరిచారు, భారత్ ఏడో స్థానంలో నిలిచింది. అందుకే ఫుట్‌బాల్ టర్ఫ్ మీద దూరపు పాస్‌లు వద్దు, పది మీటర్లలోపు చాలు. గోల్‌కీపర్ కిట్ లేకపోతే గోల్‌కీపరే వద్దు, రెండు కోన్ల మధ్య రెండు మీటర్ల గోల్ పెట్టుకోవచ్చు. ఆటలో ఒక్కో సగానికి పది నిమిషాలు.

క్రికెట్ జట్లే ఎక్కువ ఫీజులు కడతాయి, స్పాన్సర్లనూ వాళ్లే తెస్తారు, కాదనలేం. వాళ్ల మూడు మైదానాల్లో ఒకటి ఎండ ముదరక ముందు, ఉదయం ఎనిమిది నుంచి పది దాకా వదలమనండి. కర్రలు పిల్లలే తెస్తామన్నారు, అంపైర్లుగానూ వాళ్లే నిలబడతారట. వచ్చే ఏడాది దరఖాస్తు ఫారంలో హాకీకి ఒక గడి పెట్టండి, అబ్బాయిలకు కూడా.