చెరువును తొట్టి చేస్తున్నాం

శీతాకాలం వస్తే చాలు, మన పత్రికల్లో ఫ్లెమింగోలు వాలతాయి. పులికాట్, నేలపట్టు, సూళ్లూరుపేట పండుగ, రంగుల ఫొటోలు. మంచిదే. కానీ ఇక్కడి చెరువుల్లోనే పుట్టి, ఏడాది పొడుగునా ఇక్కడే ఉండి, ఇక్కడే పిల్లలను లేపే బాతును పేరు పెట్టి పిలిచేవారే లేరు. నల్లటి ముక్కు, చివర పసుపు అద్దినట్టు ఉంటుంది, మొదట్లో రెండు ఎర్ర చుక్కలు. చుక్కముక్కు బాతు అందాం. పాస్‌పోర్టు లేని పక్షికి పండుగ చేయరు కాబోలు.

ఈ బాతు తిండి కోసం మునగదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. తల నీళ్లలోకి దించి, తోక ఆకాశానికెత్తి, మెడ అందినంత లోతులోనే గింజలు, నీటిమొక్కలు ఏరుకుంటుంది. చెరువు ఎన్ని ఎకరాలన్నది దానికి అనవసరం, జానెడు మూరెడు నీళ్లున్న అంచు ఎంత మిగిలిందన్నదే లెక్క. చీకటి పడ్డాక పొలాల్లో రాలిన వడ్లకూ పోతుంది. దక్షిణాదిన ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లో తుంగ దుబ్బుల మాటున నేలమీదే గూడు పెట్టి, 8 నుంచి 14 గుడ్లు పెడుతుంది. పొదిగేది సుమారు 24 రోజులు. కుక్కో నక్కో వస్తే రెక్క విరిగినట్టు నటిస్తూ దాన్ని పిల్లలకు దూరంగా లాక్కుపోతుంది.

ఇప్పుడు ఆ అంచు ఎవరి చేతిలో ఉందో చూడండి. వానాకాలం మునిగి ఎండాకాలం తేలే శిఖం నేల అది. 2024లో హైదరాబాద్‌లో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు, అన్న మాట టీకొట్ల దగ్గర కూడా వినిపిస్తోంది. బాతు బతికేదీ, కబ్జాదారు కన్నేసేదీ ఆ పట్టీయే. అయినా నాకు కబ్జా కన్నా సుందరీకరణ అంటేనే ఎక్కువ భయం. కబ్జాదారును కోర్టుకు లాగవచ్చు. సుందరీకరణకు శిలాఫలకం వేసి చప్పట్లు కొడతాం.

పాకాల చెరువు చూడండి, రామప్ప చెరువు చూడండి. కాకతీయులు కట్ట వేసింది నీటిని ఆపాల్సిన చోటే, మిగతా దిక్కుల్లో నేల వాలే ఒడ్డు. ఆ వాలులోనే తుంగ మొలిచింది, పశువులు నీళ్లు తాగాయి, బాతులు గుడ్లు పెట్టాయి. చుట్టూ రాతికట్టు పేర్చి, పైన నడకదారి వేసి, లైట్లు పెట్టి చెరువును తొట్టిగా మార్చిన ఘనత పూర్తిగా మనదే. చెరువుల పూడిక తీసిన 2015 నాటి మిషన్ కాకతీయతో నాకు పేచీ లేదు. పూడిక తీయడం తాతల నాటి పని. చుట్టూ గోడ కట్టడం మాత్రం కాంట్రాక్టరు కనిపెట్టిన పని.

తుంగ ఉంటే దోమలు, పాములు వస్తాయని, గోడ లేకపోతే కబ్జా అవుతుందని అంటారు. మురుగు ఆపి, గుర్రపు డెక్క తీసేయండి. కంచె వేయాలంటే హద్దురాళ్ల దగ్గర వేయండి, నీటి అంచున ఎందుకు?

గత పుష్యమాసంలో ఒక పట్టణ చెరువు దగ్గర చూశాను. తల్లి బాతు, వెనక ఏడు పిల్లలు, రాతికట్టు వెంబడి ఈదుతున్నాయి. తల్లి ఎగిరి గట్టెక్కింది. పిల్లలు నాచు పట్టిన రాళ్ల మీద జారి, మళ్లీ ఎక్కి, మళ్లీ జారాయి. తల్లి తిరిగి నీళ్లలోకి దిగింది. నడకకు వచ్చిన ఒకాయన ముచ్చటపడి ఫోనులో వీడియో తీసుకున్నాడు. ఆ చెరువంతటికీ మెట్లున్నది ఒక్క నిమజ్జనం ఘాట్‌కే. తల్లి చివరికి వాటిని అటే తీసుకుపోయింది. పై మెట్టు మీద రెండు కుక్కలు పడుకుని ఉన్నాయి.