సవరణ: సెగ్యూర్ గురించి మొన్న రాసినదాంట్లో తప్పులు

నెపోలియన్ దగ్గర సైనికాధికారిగా పనిచేసి, తర్వాత చరిత్రకారుడైన ఫిలిప్ పాల్ ద సెగ్యూర్ (1780–1873) గురించి మొన్న రాశాను కదా, అందులో తప్పులు దొర్లాయి. రష్యా మహారాణి కేథరిన్ కొలువులో రాయబారిగా ఉన్నది ఈయన కాదు, వాళ్ల నాన్న. ఆయనా రచయితే కావడంతో ఇద్దరినీ కలిపేశాను.

రెండోది, 1812 రష్యా దండయాత్రలో ఈయన సేనలు నడిపించాడన్నాను. హోదాకు జనరలే గానీ, చేసింది చక్రవర్తి పరివారానికి బస చూసే పని. ఏ ఊళ్లో ఆగాలి, ఎవరికి ఏ గది ఇవ్వాలి, ఇదన్నమాట. మాస్కో తగలబడుతుంటే క్రెమ్లిన్‌లో ఉన్నది అందుకే. నన్నడిగితే ఆ దండయాత్ర మీద ఆయన రాసిన పుస్తకానికి బలం అక్కడే ఉంది: నెపోలియన్ ముఖం దగ్గర్నుంచి చూసినవాడు.

1824లో ఆ పుస్తకం రాగానే, మా చక్రవర్తిని చిన్నబుచ్చావంటూ నెపోలియన్ దగ్గరే పనిచేసిన జనరల్ గూర్గో మండిపడ్డాడు. మాటామాటా పెరిగి ద్వంద్వయుద్ధం దాకా వెళ్లింది. గాయపడింది గూర్గో అని రాశాను. కాదు, సెగ్యూరే.

ఇక పిల్లల కథలు రాసిన సోఫీ ఈయన కోడలని రాసిన మాట. సొంత కొడుకు భార్య కాదు, అన్నగారి కొడుకు యూజీన్ భార్య. పెళ్లి 1819లో. మాస్కోకు నిప్పు పెట్టించాడని పేరుపడ్డ గవర్నర్ రొస్తోప్‌చిన్ కూతురే ఆవిడ! ఆ మంటల్లోంచి బయటపడ్డ పెద్దమనిషి ఇంటికే కోడలిగా వచ్చింది.