ఇడ్లీ పిండితో చేపల వేట

గోదావరి జిల్లాలో పుట్టినవాడికి చేపలు పట్టడం రాదంటే ఎవరూ నమ్మరు. నేను పుట్టింది అమలాపురంలోనే అయినా, నాకు తెలిసిన చేపల వేటంతా బజారులో గంప ముందు నిలబడి బేరమాడటం వరకే. ఆ సంగతి పక్కింటి పెద్దాయనకు చెప్పకపోవడం నా మొదటి తప్పు. రెండో తప్పు పెరుగు డబ్బా.

మేముండేది బాస్టన్ శివారులో. పెద్దాయన ప్లంబరు పని చేసి రిటైరయ్యారు. మే నెల వచ్చిందంటే ఆయన నోట స్ట్రైపర్ తప్ప మరో ప్రాణి పేరు వినపడదు. దాని పూర్తి పేరు స్ట్రైప్డ్ బాస్. వెండి ఒంటి మీద పొడవునా ఏడెనిమిది నల్లటి చారలుంటాయి. వసంతంలో హడ్సన్ నదిలోకీ, చెసపీక్ అఖాతంలో కలిసే నదుల్లోకీ ఎదురీది గుడ్లు పెట్టి, మళ్లీ సముద్రంలో దిగి తీరం వెంట ఉత్తరానికి వస్తుంది. "అంటే మా పులసకు వరసన్నమాట" అన్నాను. వరద గోదావరికి ఎదురీదే పులస కథ, పుస్తెలు అమ్మయినా దాన్ని తినాలనే మా వైపు మాట, అన్నీ వివరించాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మీ ఆవిడ ఒప్పుకున్నదా?" అని అడిగారు.

ఇంత తెలిసినవాడిని ఒడ్డున వదిలేయడం న్యాయం కాదనుకున్నారు కాబోలు, జూన్‌లో ఒక శనివారం రోడ్ ఐలాండ్‌లోని బీవర్‌టెయిల్‌కు రమ్మన్నారు. నా వంతుగా ఎర తెమ్మన్నారు. ఎర అంటే బతికున్న మలుగుపాములు. 2011 ఆగస్టులో కనెక్టికట్ తీరంలో దొరికిన 81 పౌండ్ల 14 ఔన్సుల చేప, అంటే 37 కిలోల పైమాట, ప్రపంచ రికార్డట. అది పడింది మలుగుకే. ఇక వేరే ఎర గురించి ఆలోచించేవాడు మనిషా!

శుక్రవారం సాయంత్రం డజను మలుగులు కొన్నాను. చల్లగా, తడిగా ఉంచితే మొద్దుబారి కదలకుండా పడి ఉంటాయని పెద్దాయన చెప్పారు. చల్లగా ఉండే చోటు ఇంట్లో ఒక్కటే. చెబితే మా ఆవిడ ఒప్పుకోదు కాబట్టి చెప్పలేదు. తడి కాగితంలో చుట్టి, ఖాళీ పెరుగు డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో వెనక్కి తోశాను. విదేశాల్లో తెలుగువారి ఫ్రిజ్ ఎలా ఉంటుందో తెలియనివారికి చెబుతున్నాను. అందులో పది పెరుగు డబ్బాలుంటాయి. పెరుగు మాత్రం ఏ ఒక్కదానిలోనో ఉంటుంది.

శనివారం బయలుదేరేటప్పుడు చెయ్యి పెట్టి డబ్బా తీసుకున్నాను. చల్లగా, బరువుగా, కదలకుండా ఉంది. మలుగులు క్షేమమని తృప్తి పడ్డాను.

బీవర్‌టెయిల్‌లో దీపస్తంభం మొదట కట్టింది 1749లో. దాని కింద రాళ్లను మాత్రం సముద్రం ఇంకా చెక్కుతూనే ఉంది. నాచు పట్టిన ఆ రాళ్ల మీద మనిషి నిలవాలంటే బూట్లకు మేకులుండాలి. ఛాతీ దాకా రబ్బరు పంట్లాం, నీళ్లు లోపలికి దిగకుండా నడుముకు బిగించిన బెల్టు, నుదుటి మీద దీపం. అద్దంలో చూసుకుంటే మ్యాన్‌హోలులో దిగబోయేవాడిలా ఉన్నాను. "సముద్రానికి వీపు చూపించకు" అన్నారు పెద్దాయన. అల రాయికి కొట్టుకుని తెల్లగా విరిగే చోట చిన్న చేపలు దారితప్పి గిరగిర తిరుగుతాయి. వాటికోసం స్ట్రైపర్ అక్కడికే వస్తుంది. మనమూ అక్కడికే వెళ్లాలి.

చీకటి పడుతుండగా డబ్బా మూత తీశాను.

ఇడ్లీ పిండి.

పెద్దాయన వంగి దీపం వేసి చూశారు. వేలితో తాకారు. "మీ ఊళ్లో దీనికి పడతాయా?" అని మర్యాదగా అడిగారు. మా ఊళ్లో దీనికి పడేది అల్లుళ్లేనని ఎలా చెప్పను?

పాపం, తన పెట్టెలోంచి బక్‌టైల్ ఇచ్చారు. సీసపు తలకు జింక తోక వెంట్రుకలు కట్టిన ఉత్తుత్తి ఎర. మొదటి విసురుకు రాయి పడింది. రెండోదానికి నాచు. మూడోసారి నా టోపీ. ఆ తర్వాత ఎన్నోదో లెక్కలేదు గానీ, కర్ర విల్లులా వంగింది. రీలు కీచుమని ఏడ్చింది. నేనూ ఇంచుమించు అదే పని చేశాను. పావుగంట పోరాడి, మోకాళ్ల మీద కూర్చుని మరీ ఒడ్డుకు చేర్చాను. నా జన్మలో అంత అందమైన చేపను చూడలేదు.

పెద్దాయన టేపు తీశారు. 33 అంగుళాలు. 2023 నుంచి ఇక్కడ 28 అంగుళాలకు తగ్గినదాన్నీ, 31 దాటినదాన్నీ ఉంచుకోకూడదు. గుడ్లతో వంశాన్ని నిలిపేది పెద్ద ఆడచేపలే కదా. నిబంధన న్యాయమైనదే. అయినా బట్టల కొట్టువాడిలా మూడుసార్లు కొలిచాను. కొలిచిన కొద్దీ అది పెరుగుతోంది. 1639లోనే మసాచుసెట్స్ వలస పాలకులు ఈ చేపను పొలాలకు ఎరువుగా వేయరాదని చట్టం చేశారట. పులుసులో వేయరాదని ఎవరూ అనలేదే అని బాధపడుతూ నీళ్లలోకి వదిలాను. అది తోకతో ముఖాన నీళ్లు చల్లి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అత్తగారు. నెల కిందటే రాజోలు నుంచి వచ్చారు.

"అల్లుడుగారూ, ఇంట్లో బూడిద ఎక్కడ ఉందండీ?"

"బూడిదా?"

"మలుగులు తెచ్చి పెట్టారు కదా! పిండి అనుకుని అమ్మాయి మూత తీసింది. చేతిలో ఒక్కటీ నిలవడం లేదండీ. బూడిద రాస్తే గానీ పట్టు దొరకదు."

వెనకనుంచి మా ఆవిడ అరుపులు వినపడుతున్నాయి. ఇంట్లోంచి కాదు, వీధిలోంచి.

"అత్తయ్యగారూ, ఇక్కడ కట్టెల పొయ్యి లేదండీ..."

"పోనీలెండి, కల్లుప్పుతో కానిస్తాను. చింతపండు నానేశాను. మీరు నెమ్మదిగా రండి."

మన ఎర చింతపండు దాకా వచ్చిందని పెద్దాయనకు చెప్పాను. ఆయన మరి మాట్లాడకుండా దారం చుట్టేసి, మరునాడు మధ్యాహ్నం ఎన్ని గంటలకు రమ్మంటావని అడిగారు.

ఆదివారం భోజనానికి మూడు కుటుంబాలు వచ్చాయి. నేను పట్టి తెచ్చే చేప తినిపిస్తానని వారం ముందే అందరికీ చెప్పుకున్నాను. మలుగుల పులుసు అద్భుతంగా కుదిరింది. పెద్దాయన రెండుసార్లు అడిగి వడ్డించుకున్నారు. ఎలా పట్టావని ఒకాయన నన్ను అడిగితే అత్తగారే అందుకున్నారు. "మా అల్లుడుగారు సముద్రానికి వెళ్లకముందే పట్టి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లారండీ!" ఆ అమాయకత్వానికి నేను తలెత్తలేకపోయాను.

అందరూ చేతులు కడుక్కుంటుండగా మా ఆవిడ పిండి డబ్బా ఏదని అడిగింది. పెద్దాయన ట్రక్కులోనే మరిచిపోయాను. రాత్రి నుంచీ అందులోనే ఉంది. పొద్దుటినుంచీ ట్రక్కు అద్దాలు మూసి ఎండలో ఉంది. తలుపు తీస్తే మూత ఒకచోట, డబ్బా ఒకచోట. వెనక సీటు నిండా, నా రబ్బరు పంట్లాం నిండా తెల్లగా, బుడగలు బుడగలుగా పిండి. ఈ చలిదేశంలో ఓవెన్‌లో దీపం వెలిగించి, దుప్పట్లు కప్పి, ఆరేళ్లుగా మా ఆవిడ ఏనాడూ పొంగించలేని పిండి!

ఆవిడ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి అంది.

"ఏమండీ, వచ్చే శనివారం కూడా ఆయన బండి ఎండలోనే పెడతారేమో కనుక్కోండి."