లేబర్ సెస్ గారికి ఒక చిన్న కాంట్రాక్టర్ విన్నపం

గౌరవనీయులైన లేబర్ సెస్ గారికి,

నమస్కారమండీ. తమరు క్షేమమేనని తెలుసు. కట్టడం కూలీల సంక్షేమం పేరు చెప్పి మా బిల్లుల్లోంచి కోసుకునే పన్ను తమరే కదా, మొన్న పాసైన నా స్కూలు గదుల బిల్లులో తమరి ఒక్క శాతం కోత చక్కగా కనపడింది, 40 లక్షలకి 40 వేలు, రూపాయి అటూ ఇటూ లేదు. నా డబ్బులు ఎప్పుడు పడతాయో మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు, అది తమరి పరిధి కాదులెండి.

నేను రాసేది నిన్నటి ఉచిత నైపుణ్య శిక్షణ గురించి. తమరి డబ్బుతోనే జరిగిందని బ్యానర్ మీద చిన్న అక్షరాల్లో ఉంది, పెద్ద అక్షరాల చోటంతా ఫోటోలకి సరిపోయింది. చిన్న కాంట్రాక్టర్లు, మేస్త్రీలు తప్పక రావాలి, ఉదయం 10 గంటలకల్లా ఉండాలి అని వాట్సాప్‌లో మెసేజ్ మీద మెసేజ్. సరే అని సైట్ ఆపేసి, కాంక్రీటు కలిపే మిల్లర్ అద్దె ఊరికే పోతున్నా సర్దుకుని, రాడ్ బెండింగ్ మేస్త్రిని, తాపీ మేస్త్రీల్ని, హెల్పర్లని ఆటో ఎక్కించి తీసుకెళ్ళాను. ఆ రోజు కూలి నా జేబులోంచే ఇచ్చా, ఎందుకంటే క్లాసులో కూర్చుంటే ఆ పూట ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుద్దో అనేది తమరి కార్యక్రమం రాసినాయనకి తట్టినట్టు లేదు.

ముఖ్య అతిథి గారు ఒంటిగంట దాటాక దిగారు. అప్పటిదాకా మైకులో హలో హలో చెక్ చెక్. తర్వాత జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, కార్మికులే దేశానికి వెన్నెముక అని ప్రసంగం, ఆ వెన్నెముకలన్నీ ప్లాస్టిక్ కుర్చీల్లో నిద్రకి ఒరిగిపోయి ఉన్నాయి. పసుపు హెల్మెట్లు పెట్టించి గ్రూప్ ఫోటో తీశారు, ఫోటో అయ్యాక హెల్మెట్లు వెనక్కి తీసేసుకున్నారు, రేపు పక్క మండలంలో ఇంకో శిక్షణ ఉందంట. భోజనం బాగుంది, అబద్ధం ఎందుకు, గోంగూర అదిరింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి సర్టిఫికెట్లు పంచేస్తున్నారు. క్లాస్ ఎప్పుడు బాబూ అంటే ఇదే కదండీ క్లాసు అన్నాడు రిజిస్టర్ పట్టుకున్న కుర్రాడు.

ఇదంతా కూడా మింగేసేవాణ్ణే. మా రాడ్ మేస్త్రి లేచి నిలబడకపోయి ఉంటే.

ఆయన ఊహ తెలిసినప్పట్నుంచి ఇనుము వంచుతున్నాడు, మైకు పట్టుకోవడం మాత్రం అదే మొదలు. 2024 డిసెంబర్‌లో ములుగు దగ్గర భూమి కదిలి విజయవాడ దాకా తెలిసింది కదా, ఆ రోజు నుంచి ఆయనకి ఒకటే అనుమానం, కాలమ్‌లో నిలువు రాడ్ల చుట్టూ బిగించే ఇనుప రింగుల మీద. స్టేజి మీదున్న ఇంజనీరు గారిని అడిగాడు. "సార్, కాలమ్ రింగు కొనలు లోపలికి మడవాలంటారు, తిన్నగా పక్కకి వంచేస్తే ఏమవుద్ది సార్? మేమంతా అట్టాగే వంచుతాం." హాలు మొత్తం మీద నిద్రపోని ప్రశ్న అదొక్కటే. ఇంజనీరు గారు వాచీ చూసుకుని, మంచి ప్రశ్న, కానీ టైమైపోయింది, ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాయండి అన్నారు. మా మేస్త్రికి రాయడం రాదండీ.

దానికి జవాబు రెండు నిమిషాలు. భూమి ఊగినప్పుడు కాలమ్ పైనున్న కాంక్రీటు పొర పెచ్చులూడిపోద్ది, 90 డిగ్రీలు వంచిన కొన ఆ పొరనే పట్టుకుని ఉంటది కాబట్టి పొర పోగానే రింగు విచ్చుకుంటది, రింగు విచ్చుకుంటే నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి, తర్వాత ఇంక కాలమ్ లేదు. అదే 135 డిగ్రీలు మడిచి కొనని లోపలి కాంక్రీట్లో దిగేస్తే రింగు వదలదు. 2001 భుజ్ భూకంపంలో అంత దూరాన అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలినప్పుడు బయటపడ్డ లోపాల్లో ఇదీ ఒకటి. కోడ్ పుస్తకంలో ఉంది, డ్రాయింగ్ మూలన నోట్‌లోనూ ఉంటది, ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాల్లో. ఇనుము వంచేవాడికి తప్ప అందరికీ చెప్పారన్నమాట.

ఇది నాకెలా తెలిసిందంటే, హైదరాబాద్ న్యాక్‌లో, అదేనండీ కట్టడం పనులు నేర్పే చోట, నేర్చుకొచ్చిన కుర్రాడొకడు కొన్నాళ్ళు నా దగ్గర చేశాడు. 1998లో పెట్టిన అకాడమీ అది, మా కాంట్రాక్టర్ల బిల్లుల్లోంచి దానికీ ఒక చిన్న కోత ఉంటది. ఆ కోత మీద నాకు ఏడుపు లేదు, ఎందుకంటే ఆ పిల్లాడు ఇనుము కింద ఎడం ఉంచే కవర్ బ్లాకులు పెట్టకుండా స్లాబ్ మొదలుపెట్టనిచ్చేవాడు కాదు, మాలులో ఎక్స్‌ట్రా నీళ్ళు పోస్తే మిల్లర్ ఆపేసేవాడు. నన్నే తిట్టాడు ఒకసారి. తర్వాత గల్ఫ్ వెళ్ళిపోయాడు, వెళ్ళడా మరి.

ఇప్పుడు తమరి సంగతికి వద్దాం. 1996లో చట్టం చేసి తమర్ని కన్నారు. ఆ చట్టంలో సొంతానికి కట్టుకునే 10 లక్షల లోపు ఇల్లు లాంటివి తప్ప దాదాపు ఎవర్నీ వదల్లేదు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోకి తమర్ని మార్చారు, ఇల్లు మారినా అలవాటు మారలేదు. 2018లో సుప్రీంకోర్టు లెక్క చూస్తే దేశం మొత్తం మీద వసూలు 37,400 కోట్ల పైనే, ఖర్చు సుమారు 9,500 కోట్లు, మిగతా 28,000 కోట్లు అలా కూర్చునే ఉన్నాయి. ఖర్చయినదాంట్లో కూలీలకి లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కూడా ఉన్నాయని కోర్టులోనే బయటపడింది. వాషింగ్ మెషీన్! రేకుల షెడ్డులో, ట్యాంకర్ నీళ్ళతో!

ఇంకా గారూ బూరూ ఏంటి నీకు. ఒక్క శాతం తీసుకున్నావు, అడిగానా? నలభై వేలకి సైటు దగ్గరే చెట్టు కింద ఎంత నేర్పొచ్చో తెలుసా నీకు? బ్రిటన్‌లో 1964 చట్టంతో మొదలైన కట్టడం కంపెనీల శిక్షణ లెవీ, అంటే నీలాంటి కోతే, ఇప్పటికీ నడుస్తోంది, జీతాల మీద 0.35 శాతం, కుర్రాళ్ళకి పని నేర్పిన కంపెనీకి గ్రాంటుగా వెనక్కి వస్తది. అక్కడ కాంట్రాక్టర్లు కూడా తిడతారంట, కానీ తిట్టుకోడానికి వాళ్ళ దగ్గర ట్రైనింగ్ అయిన మనిషన్నా ఉంటాడు. నా దగ్గరేముంది, లామినేషన్ చేసిన కాగితం. రేపు అసిస్టెంట్ ఇంజనీరు గారు వచ్చి కాంక్రీట్లో తేనెపట్టులా పడ్డ బొక్కలు చూపించి నీ మేస్త్రీలకి పని రాదయ్యా అంటారు. రాదు సార్. ఎక్కడ నేర్చుకుంటారు సార్?

సరే, ఒకటి ఒప్పుకుంటా. సెంట్రింగ్ మీంచి పడి చనిపోయిన మావోడి కుటుంబానికి డబ్బు వచ్చింది నీ దగ్గర్నుంచే. ఆలస్యంగా వచ్చింది, తిప్పించుకుని వచ్చింది, కానీ వచ్చింది. ఆ పిల్లలు చదువుకుంటున్నారు. అందుకే నిన్ను ఎత్తేయమని ఎవడన్నా అంటే ఊరుకోను.

కానీ చచ్చాక ఇచ్చేదాంట్లో కొంచెం ముందే ఇవ్వొచ్చుగా. బ్యానర్ వద్దు, ముఖ్య అతిథి వద్దు, హెల్మెట్ ఇస్తే వెనక్కి అడగొద్దు. సాయంత్రం పని దిగాక, తెలుగు మాట్లాడే మనిషిని ఒక్కణ్ణి, చేత్తో రింగు వంచి చూపించగలిగేవాణ్ణి పంపు. ఆ గంటకి మావాళ్ళ కూలి నువ్వు కట్టు. టీ ఖర్చు నాది.

ఇట్లు,
తమరి ఒక్క శాతపు బంధువు

తా.క. నా సర్టిఫికెట్‌లో నన్ను పెయింటర్ అని రాశారు. గ్రేడు ఏ.